చెప్పకుండా విరిగిన కర్ర

నేరేడుగూడ,
కురుపాం మండలం.
జూన్ 19

మీ షాపులో చేసిన డోలీ కర్ర విరిగిపోయింది, మేస్త్రీ. మా వదిన బేబి దాని కింద వేలాడుతుండగా విరిగింది. గెడ్డ మధ్యలో, వాగు రాళ్ళ మీద పడింది.

దండాలు, క్షేమాలు తర్వాత చూసుకుందాం. ముందు ఇది చదవండి.

పదకొండో తారీకు పొద్దున్న వదినకి నొప్పులొచ్చాయి. ఏడో నెలే. మా ఊరికి రోడ్డు లేదని మీకు తెలుసు. జీపు ఆగే చోటికి నాలుగు కిలోమీటర్లు దిగాలి. మార్చిలో సాలూరు నించి వచ్చిన నీలం ఫైబర్ కర్ర తీసి, రెండు చోట్ల తాళ్ళు కట్టి, మంచం వేలాడదీసాం. ముందు మా అన్న సుక్రు, వెనక చిన్నాన్న భుజం పెట్టారు. అమ్మ వదిన చెయ్యి పట్టుకుని నడిచింది. గెడ్డలోకి దిగుతుంటే అన్న కాలు జారింది. పడలేదు, నిలదొక్కుకున్నాడు. ఆ ఒక్క కుదుపుకే ముందు తాడు దగ్గర కర్ర రెండు ముక్కలైంది.

ఆ కర్ర అరవలేదు మేస్త్రీ. నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. అది అరవలేదు.

మీ దగ్గర మూడేళ్ళు పని చేసాను. లారీ క్యాబిన్ పైన పెట్టే వైజర్లు, నీళ్ళ ట్యాంకులు, బాత్రూం తలుపులు. గాజు గుడ్డ పరిచాను, రెజిన్ జిగురు పూసాను, గాలి బుడగ లేకుండా రోలర్ తోసాను. చేరిన మొదటి వారంలో మీరు పాత వైజరు ముక్క నా చేతికిచ్చి "ఒంచు గుంటా" అన్నారు. ఒంచాను. లోపల టిక్కు, టిక్కు మంది. వంగిన చోట తెల్లగా పాలిపోయింది. "ఇన్నావా? గాజు పోగులు ఒక్కోటీ తెగతన్నాయి. మంచి ఫైబరు ఇరగబోయే ముందు మనిసికి సెప్తాది. సెప్పకుండా ఇరిగిందంటే అది ఫైబరు కాదు, సుద్దముక్క." మీ మాటే ఇది. నేను కల్పించలేదు.

టిక్కు మని ఒక్కసారి అని ఉంటే అన్న డోలీ కిందకి దించేసేవాడు.

విరిగిన చివర్లు నా ముందే ఉన్నాయి. మంచి కర్ర విరిగితే చివర చీపురులా ఉండాలి. పోగులు లేచి చేతికి గుచ్చుకోవాలి. ఇది బెల్లం దిమ్మ విరిచినట్టుంది. ఒకటో రెండో పొట్టి పోగులు, అవి కూడా రెజిన్ అంటకుండా పొడిగా ఊడొచ్చాయి, పండిన తలలో వెంట్రుకల్లాగ.

జనవరిలో శాంపిల్ కర్ర మనిద్దరం చేసాం. ఈ చివర నించి ఆ చివర దాకా పన్నెండు పొడవాటి గాజు నూలు కట్టలు, వాటి మీద రెండు చుట్లు నేత గుడ్డ. రెండు స్టూళ్ళ మీద పెట్టి మూడు సిమెంటు బస్తాలు వేలాడదీస్తే నాలుగు వేళ్ళు వంగింది, దించితే లేచి నిలబడింది. ఓనరు మోహన్‌కృష్ణ గారు ఫోటో తీసుకున్నారు. కొండ ఊళ్ళకి ఏదో కంపెనీ వాళ్ళు దానంగా ఇస్తారు, నలభై కావాలి అన్నారు. ఫిబ్రవరిలో చింతపండు పనికని నేను ఇంటికొచ్చేసాను. ఆ నలభై నా వెనక చేసినవి. వాటిలో పొడుగు నూలు ఎన్ని కట్టలు వేసారు? రెజిన్‌లో ఏం కలిపారు? మిగతా ముప్ఫై తొమ్మిది ఏ ఏ ఊళ్ళకి ఎక్కించారు?

అప్పటికప్పుడు గట్టు మీద వెదురు నరికి, వదినని మళ్ళీ కట్టి మోసాం. పచ్చి వెదురు వంగింది, దారంతా మూలిగింది, విరగలేదు.

కొండెక్కితే ఫోనుకి ఒక గీత సిగ్నలొస్తుంది. కానీ ఫోనులో అన్న మాట రేపు అనలేదంటారు. కాగితం మీద రాయండి. బుధవారం సంతకి సాలూరు నించి సరుకు తెచ్చే జీపు డ్రైవరు ఉదయ్ చేతికివ్వండి.

సోని


సాలూరు,
జూన్ 27

సోని గారికి,

మీ లేఖ అందినది. జరిగిన సంఘటనకు మిక్కిలి విచారిస్తున్నాము. ప్రాణ నష్టం సంభవించకపోవడం అదృష్టంగా భావిస్తున్నాము.

మా సంస్థ నుండి సరఫరా అయిన నలభై కర్రలు ఒక్కొక్కటి నూట యాభై కిలోల బరువుతో పరీక్షించబడి, ధ్రువీకరించబడినవి. వినియోగదారుల అవగాహనా రాహిత్యం వలన, అనగా తాళ్ళు తప్పుగా కట్టుట, కర్రను బండలకు తగిలించుట మొదలగు కారణముల వలన, ఇట్టివి జరుగుటకు ఆస్కారము కలదు.

విరిగిన ముక్కలను పరిశీలన నిమిత్తం మా మనిషికి అప్పగించగలరు. వాటిని ఇతరులకు చూపవద్దని మనవి.

ఇట్లు,
పైడయ్య
సీనియర్ మేస్త్రి


నేరేడుగూడ,
జూలై 3

పైడయ్య గారికి,

ఆ ఉత్తరం మీది కాదు. సంతకం మీదే, ఐత్వం ఎప్పట్లాగే ఎడమకి లాగారు. కింద ఉన్నది మీ చెయ్యి, పైన ఉన్నది ఎవరి నోరు? మూడేళ్ళలో మీ నోట మిక్కిలి అన్న మాట వినలేదు. సోని గారంట! నన్ను గుంటా అని పిలిచేవారు, కోపమొస్తే కొండ మేక అనేవారు. అదే నయం. మేకకి ఎవరు కొట్టారో తెలుస్తుంది.

ప్రాణ నష్టం లేదని రాసారు. మొదటి ఉత్తరంలో ఒక సంగతి కావాలనే రాయలేదు. మీరు అడుగుతారేమో చూద్దామని. వదిన తొడ ఎముక విరిగింది. పార్వతీపురం ఆసుపత్రిలో రాడ్డు వేసారు, ఇంకా అక్కడే ఉంది. గుంటడు పుట్టాడు. ఏడవలేదు. అన్న వాణ్ణి తువ్వాల్లో చుట్టుకుని అదే దారిలో కొండెక్కాడు. డోలీ అక్కర్లేకపోయింది.

మీ వదిన ఎలాగుంది అని ఒక్క ముక్క రాసి ఉంటే ఈ ఉత్తరం ఇంకోలా మొదలెట్టేదాన్ని.

మీ మనిషి ముక్కల కోసం సోమవారం వచ్చాడు. బండి కింద పెట్టి నడిచొచ్చాడు, చెప్పులు చేత్తో పట్టుకుని. అమ్మకి టార్చిలైటు ఇచ్చాడు. "ముక్కలేటి బాబూ, పిల్లలు ఆడుకుని ఎక్కడో పారేసారు" అని నేను చెప్పాను. అమ్మ నా మొహం చూసింది, టార్చి వైపు చూసింది. అవి పారెయ్యలేదు. ఇంట్లో రాగుల బుట్ట అడుగున ఉన్నాయి. ఇది మీకొక్కరికే రాస్తున్నాను. మళ్ళీ ఆ మనిషి వచ్చి మా రాగుల బుట్ట వైపు చూసాడంటే మీరు ఎవరి మనిషో నాకు తెలిసిపోతుంది.

తాళ్ళు తప్పుగా కట్టామంట. మా తాత ముత్తాతల నించి డోలీలు కట్టడమే మా బతుకు. మాకు తాడు కట్టడం రాదా? ఏసీ గదిలో కూర్చున్నాయనకి వచ్చా?

నేను అడిగిన మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. మూడూ మళ్ళీ అడుగుతున్నాను.

సోని


పార్వతీపురం,
ఆసుపత్రి ఎదర టీ బడ్డీ.
జూలై 14

ఓలమ్మీ సోనీ,

ఈ ఉత్తరం నానే రాత్తన్నాను. నా పక్కన ఎవులూ లేరు. మొన్నటిది నువ్వన్నట్టే. ఆఫీసులో టైపు కొట్టి తెచ్చేరు, సంతకం ఎట్టమన్నారు, ఎట్టేను. సదవలేదు కూడాను. సదివితే ఎట్టలేనని బయమేసి సదవలేదు.

గుంటడి సంగతి నీ ఉత్తరంలో సూసినాక రెండ్రోజులు షాపుకెళ్ళలేదు. దగ్గు ఎక్కువైందని సెప్పేను. అది అబద్దమూ కాదు. ముప్పయ్యేళ్ళు గాజు ధూళి పీల్సినోడి గుండెల్లో ఏటుంటాది? ఆ మందులు ఓనరే కొని ఇత్తన్నాడు. అదీ నీకు తెలుసు.

ఇయాల బేగి లేసి బస్సెక్కి ఇక్కడికొచ్చేను. మీ వదిన్ని సూసేను. నానెవుల్నో సెప్పలేదు. పక్క మంచం ఆళ్ళకి సుట్టాన్నని సెప్పేను. నవ్వినాది. తన కాడున్న బత్తాయి వొలిచి సగం నా సేతిలో ఎట్టినాది. తినలేక జేబులో ఏసుకున్నాను. ఇప్పుడూ నా జేబులోనే ఉంది.

కర్ర మాట తనే ఎత్తినాది. "కొత్త కర్ర బాబూ, మా ఆడపడుసు సేసినాది. మూడు నెలలు పొయ్యి మీద పొగలో ఎట్టి బాగా కాపాడుకున్నాం. అయినా ఇరిగిపోనాది, మా రాత" అంది.

సోనీ, నిజమేనా? ఎదురు బొంగుని పొగలో ఎడతారు, పురుగు పట్టకుండా గట్టిపడతాది. మీ కొండ మీద అందరూ అలాగే సేత్తారు. గానీ రెజిన్ ఎదురు కాదమ్మా. మైనం లాంటిదే దాని పుటక. పొయ్యి మీద పగలల్లా ఏడెక్కితే మెత్తబడతాది, సాయంత్రానికి బిగుస్తాది, మళ్ళా మెత్తబడతాది. అలా మూడు నెలలైతే పోగుని పట్టుకున్న పట్టు వదిలేత్తాది. పోగు పొడిగా ఊడొచ్చిందని నువ్వే రాసేవు.

ఇది మీ మీదకి తొయ్యాలని కాదు. నిజం నాకు కావాల. మీ ఊరి కర్ర ఏ ఎత్తున ఎట్టేరు, ఎన్నాళ్ళు ఎట్టేరు, రాయి. మిగిలిన ఊళ్ళలోనూ అలాగే ఎట్టేరా?

రెజిన్‌లో ఏటి కలిపేరని నువ్వడిగేవు. అది కాగితం మీద ఎట్టను. నన్నడగొద్దు.

రాగుల బుట్ట మాట నా నోట ఎవులూ ఇనరు.

నీ మేస్త్రి,
పైడయ్య


నేరేడుగూడ,
ఆగస్టు 6

మేస్త్రీ,

పరామర్శకి వెళ్ళారా, సాక్ష్యానికి వెళ్ళారా? రాడ్డు వేసిన కాలుతో పడుకున్న మనిషి దగ్గర పేరు దాచి, ఆమె ఇచ్చిన బత్తాయి జేబులో వేసుకుని, పొగ మాట పట్టుకొచ్చారు. రేపు ఆఫీసులో "వాళ్ళే పొగలో పెట్టుకున్నారు" అని ఇంకో టైపు కాగితం తయారైతే, ఆ మాట ఎక్కడ నించి వచ్చిందో నేను వెతకక్కర్లేదు.

ఒక్కటి ఒప్పుకుంటాను. రాగుల బుట్ట వెతకడానికి ఎవరూ రాలేదు. వచ్చినా దొరికేవి కావు, ముక్కలు అందులో లేవు. మిమ్మల్ని పరీక్షించాను. అందులో మీరు విరగలేదు.

అమ్మని అడిగాను. అవును, పొయ్యి మీద అటక నించి వేలాడదీసింది, నిప్పుకి మూరన్నర ఎత్తున. మార్చి నెలాఖరు నించి జూన్ దాకా. మధ్యలో నీలం రంగు బుడగలెక్కి ఉంది. వేడి పనేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ పని ఎంత, మీ పని ఎంత? మాటలతో తేలదని కొలిచాను.

చింతలగూడ వాళ్ళకీ ఒక కర్ర వచ్చింది. వాళ్ళది ప్రార్థన మందిరంలో ఒక మూల నిలబెట్టారు. అక్కడ పొయ్యి లేదు, పొగ లేదు. ఆ పాస్టరు గారి కాళ్ళావేళ్ళా పడి, బదులు మంచి వెదురు ఇచ్చి, అది తెచ్చుకున్నాను. మా ఊరి కర్ర ముక్కలున్నాయి. మూడోది మీకు తెలీదు. శాంపిల్ కర్ర చివర కోసినప్పుడు మిగిలిన మూరెడు ముక్క నేను సంచిలో వేసుకొచ్చాను. నా చేత్తో చేసిన మొదటి గట్టి వస్తువు, దాచుకుందామని.

మూడింట్లోంచీ పొడవు వెంట బొటనవేలి వెడల్పు బద్దలు కోసాను, హాక్సా బ్లేడుతో. రెండు రాళ్ళ మధ్య జానెడు సందు పెట్టి, బద్ద వాటి మీద ఆనించి, నడిమికి పెయింటు బకెట్ కట్టాను. ఒక్కో లీటరూ నీళ్ళు పోస్తూ పోయాను. పైవైపు నొక్కుకుంటుంది, అడుగువైపు సాగుతుంది. సాగలేక తెగేది అడుగువైపే. మీరు నేర్పిందే. ఒక్కో రకం ఆరేసి బద్దలు విరిచాను, ఒక్కటే విరిచి మాట్లాడితే ఓనరుకీ నాకూ తేడా ఏముంది?

పొగ తిన్న మా ఊరి బద్దలు నాలుగో లీటరు దగ్గర పోయాయి. ఒకటి మూడుకే పోయింది. చప్పుడు లేదు.

పొగే చూడని చింతలగూడ బద్దలు ఏడో లీటరు దగ్గర పోయాయి. చప్పుడు లేదు.

మన శాంపిల్ బద్ద ఏది పెట్టినా ఇరవై లీటర్ల బకెట్ నిండిపోయింది. విరగలేదు. పదిహేను దాటాక టిక్కు, టిక్కు మంటూనే ఉంది, అడుగు తెల్లబడింది. నిండిన బకెట్లో రెండు రాళ్ళు వేసాక అప్పుడు విరిగింది, అదీ రెండు ముక్కలు కాలేదు. చీపురులా విచ్చుకుని పోగుల మీద వేలాడింది. ఆ చప్పుడు విని మా అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, ఏటే విరిగిందని. ఆమెకీ వినబడింది మేస్త్రీ! గెడ్డలో వినబడాల్సింది అదీ.

పొగ తిన్నది మూడు లీటర్లు. మిగతాది ఎవరు తిన్నారు?

చింతలగూడ ముక్క ఒకటి కుంపట్లో కాల్చాను. రెజిన్ మండిపోయి గాజు మిగలాలి కదా. పొడుగు నూలు ఒక్క కట్ట లేదు. వేలెడేసి తెగ్గొట్టిన పోగులు, అదే తలుపులకి వేసే చాప మ్యాట్, దాని చుట్టూ గుప్పెడు తెల్ల బూడిద. నిమ్మకాయ పిండితే బుసబుసమని పొంగింది. శాంపిల్ ముక్క బూడిద మీద పిండితే ఏమీ పొంగలేదు. సుద్ద పొడి. బాత్రూం తలుపుల్లో కలిపే సుద్ద, మనుషుల్ని మోసే కర్రలో.

ఇవన్నీ పట్టుకుని పార్వతీపురంలో గిరిజన సంక్షేమం ఆఫీసుకెళ్ళాను. గుమాస్తా మర్యాదగానే కూర్చోబెట్టి కాగితం చూపించాడు. "నలభై కర్రలనూ నూట యాభై కిలోలతో పరీక్షించితిని." కింద పైడయ్య. ఐత్వం ఎడమకి. "మీ బకెట్ లెక్కకి స్టాంపు లేదమ్మా, దీనికుంది" అన్నాడు. ఏ ఊళ్ళకి పంపారంటే సరుకు షాపు నించి నేరుగా వెళ్ళింది, మా దగ్గర జాబితా లేదన్నాడు.

నలభైలో ఎన్ని పరీక్షించారు? ఒక్కటైనా?

జాబితా ఎవరి దగ్గరుంది?

సోని


సాలూరు,
ఆగస్టు 17

సోనీ,

దగ్గుతో రాత్తన్నాను, అచ్చరాలు వంకరగుంటాయి.

ఒక్కటీ సూడలేదు. మన శాంపిల్ ఒక్కటే. దాని పొటోయే నలభైకీ అతికించేరు.

నూలు కట్టలు రాలేదు. లారీ రెండువారాలు ఆలీసం అన్నాడు ఓనరు. కర్రలు పంచడానికి పెద్దోళ్ళొచ్చే తేదీ కాయం అయిపోనాది, ఆగరు అన్నాడు. "మ్యాట్ ఎయ్యి, సుద్ద కలిపి సిక్కన సెయ్యి, నీలం రంగేస్తే ఎవులికి తెలుసు? కొండోళ్ళేగా, ఎదురు కన్నా నయమే" అన్నాడు. కలిపేను. నా సేత్తోనే కలిపేను. ఎదురు కన్నా నయం కాదని నాకు తెలుసు. ఇంతకన్నా దాచీదేటీ లేదు.

జాబితా నాకాడే ఉంది. లోడు ఎక్కించినప్పుడు సిగరెట్టు అట్ట మీద రాసుకున్నాను, నలభై ఊళ్ళూ. అడిగేవు గాబట్టి సెప్తన్నాను, గానీ ఇవ్వలేను. ఇచ్చేనని తెలిత్తే నాకు పనీ ఉండదు, మందూ ఉండదు. ఈ సేతుల్ని సూడు, రెజిన్ తినేసిన సేతులు, ఇంకెవుడు పనిత్తాడు? ఓనరుకి నెమ్మదిగా సెప్పేను. దసరా ఎల్లినాక, వానలు తగ్గినాక, సప్పుడు సెయ్యకుండా అన్నీ మారుత్తానన్నాడు. అందాకా ఓపిక పట్టు. కుర్రదానివి, నీకు కోపం బేగి వొత్తాది.

పొయ్యి మీద ఎట్టింది మీరు. సుద్ద కలిపింది నాను. ఇద్దరం తప్పోళ్ళమే. మరి ఒకలి మీద ఒకలు కాగితాలెందుకు?

ఇది సదివి సింపీయి.

పైడయ్య


నేరేడుగూడ,
ఆగస్టు 29

పైడయ్య మేస్త్రికి,

చింపలేదు. కురుపాం వెళ్ళి రెండు జెరాక్సులు కూడా తీసాను.

దసరా దాకా ఓపిక పట్టమన్నారు. వానలు తగ్గాక మారుస్తారట. మా కొండ మీద డోలీ ఎప్పుడు లేస్తుందో మీకు తెలీదా? ఎండల్లో మనిషి ఎలాగోలా నడిచి దిగుతాడు. జ్వరాలొచ్చేది వానల్లో, గెడ్డలు పొంగేది వానల్లో, కాలు జారేది వానల్లో. ఆ కర్ర మీద మనిషి బరువు పడే కాలమే ఇది. పొయ్యి రోజంతా మండేదీ ఈ కాలంలోనే.

మీ జాబితా కోసం చేతులు కట్టుకు కూర్చోలేదు. తెలిసిన నాలుగు ఊళ్ళు వానలో నడిచి వెళ్ళాను. మూడింటిలో నీలం కర్ర పొయ్యి మీదే ఉంది, మసి పట్టి నల్లగా, ఎంతో జాగ్రత్తగా తాళ్ళు కట్టి. నాలుగో ఊళ్ళో అటక మీద లేదు. ఏదంటే, నిర్మల అనే గుంట కాన్పుకి దిగింది, అదేసుకునే వెళ్ళారమ్మా అన్నారు. పరిగెత్తాను. జీపు రోడ్డు దగ్గర అందుకున్నాను. కర్ర విరగలేదు. తాడు కింద గోరు దూరేంత చీలిక ఉంది. మోసినవాళ్ళకి తెలీదు, అది చెప్పలేదు కదా. వేలు పెట్టి చూపిస్తే, నిర్మలని జీపెక్కించి, తాళ్ళు విప్పి కర్ర నా చేతికిచ్చేసారు. ఆ నాలుగూ తెచ్చేసాను. మాదీ చింతలగూడదీ పోను, ఇంకా ముప్ఫై నాలుగు ఊళ్ళు. నేను ఒక్కదాన్నీ కొండ కొండా ఎక్కి వెతికితే సంక్రాంతికి కూడా తేలదు. మీ సిగరెట్టు అట్ట ఉంటే పది రోజుల పని. ఉదయ్ జీపిస్తానన్నాడు, అన్న మనుషుల్ని పిలుస్తానన్నాడు.

ఇద్దరం తప్పోళ్ళమే అన్నారు. మీరు నొక్కాలని నొక్కారో, తెలీకుండా నొక్కారో గానీ, సరిగ్గా పుండు మీదే నొక్కారు.

అమ్మని అడిగాను, పొయ్యి మీద పెట్టిందట అని పోయిన ఉత్తరంలో రాసాను. అడగలేదు. అడగక్కర్లేదు. కర్ర వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. "మా సోని షాపు కర్ర" అని అమ్మ ఊరందరికీ చూపించి, చివరికి నా దగ్గరికొచ్చి "దీన్నెలా కాపాడాలే?" అని అడిగింది. నేను చింతపండు గింజ తీస్తున్నాను. తల కూడా ఎత్తలేదు. "వెదురులాగే చూసుకో అమ్మా, ఏముంది" అన్నాను. ఊరందరూ విన్నారు. సంతలో పక్క ఊళ్ళవాళ్ళు అడిగితే అదే చెప్పారు, ఫైబర్ షాపులో పని చేసిన పిల్ల చెప్పింది, తిరుగేముంది అని. ఆ మూడు ఊళ్ళ పొయ్యిల మీదకి ఆ కర్రలు ఎక్కించింది నా నోరే. ఎండిపోయిన రెజిన్‌కి వేడి పడదని నాకు తెలీదు. తెలీదని కూడా తెలుసుకోలేదు. మూడేళ్ళు పని చేసిన పొగరు.

ఇది ముందు అన్నకి చెప్పాను. నాలుగో రోజు గొడుగు తీసుకుని "ఏ ఊరితో మొదలెడదాం?" అన్నాడు. వదినకి ఇంకా చెప్పలేదు. వచ్చే వారం ఇంటికి తెస్తున్నాం. ఆమె మొహం చూసి చెప్తాను.

నేను అన్న మాట, నేను చేసిన తప్పు, బద్దల కొలతలు, అన్నీ తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టాను. నకలు దీంతో పంపుతున్నాను. చదవండి. మీలా చదవకుండా పెట్టిన సంతకం కాదు.

దాని పక్కన మీ కాగితం కావాలి. సుద్ద కలిపాను, నూలు వెయ్యలేదు, నలభైలో ఒక్కటీ పరీక్షించలేదు, ఫలానా ఆయన చెప్తే చేసాను, ఈ నాలుగు ముక్కలు. మీ భాషలో, మీ చేత్తో. రెండు కాగితాలు, విరిగిన బద్దలు, ఆఫీసు బల్ల మీద నేనే పెడతాను. అప్పుడు గుమాస్తాకి స్టాంపు అడ్డం రాదు. మీ మందుల సంగతి మర్చిపోయాననుకోకండి. కురుపాం ఆసుపత్రిలో ఆ పీల్చే మందు ఊరికే ఇస్తారు, నేను కనుక్కున్నాను. కొండ మీద ఉండటానికి చోటుంది, వెదురు పని ఉంది. మీకు వెదురు నేర్పేవాళ్ళున్నారు. ఈసారి మీరు కొండ మేక.

చింపమన్న మీ పాత ఉత్తరం ఒక్కటి చూపించినా మీరు మునుగుతారు. అది నాకు తెలుసు, మీకూ తెలుసు. కానీ మిమ్మల్ని ముంచితే అట్ట రాదు. నాకు అట్ట కావాలి. ఇప్పటికీ మీరు దాన్ని ఓనరు చేతికిచ్చి ఉంటారేమో అని అనుమానం పీకుతూనే ఉంది. తప్పని చూపించండి.

సెప్టెంబరు మూడు, బుధవారం. సంత జీపు సాలూరు నించి పొద్దున్న ఏడింటికి కదులుతుంది. ఉదయ్‌కి చెప్పాను, మీకోసం ఏడుంపావు దాకా ఆగుతాడు. సిగరెట్టు అట్ట, సంతకం పెట్టిన కాగితం. రెండూ అతని చేతిలో ఉండాలి. ఒక్కటి తక్కువైనా, మధ్యాహ్నం బస్సుకి మీ పాత ఉత్తరం పట్టుకుని నేను పార్వతీపురంలో ఉంటాను.

మంచి ఫైబరు విరగబోయే ముందు చెప్తుందన్నారు. నేను చెప్తున్నాను, వినండి. బుధవారం, ఏడుంపావు.

సోని